చిరుతల సోపతి

మా ఆయన ముత్యం కల్లు మానేశాడంటే మా ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోతే పాయె, ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు, పరీక్ష పెట్టేవాళ్లు. "ఒక్క ముంత తాగితె సస్తవారా?" అంటూ ఇంటికే తెచ్చి చేతికిచ్చేవాళ్లు. చస్తాడు మరి. కరీంనగర్ పెద్దాసుపత్రి డాక్టరు ఆ మాటే చెప్పాడు. కార్జం, అదే లివరు, సగం చెడిపోయిందనీ, మళ్లీ మొదలుపెడితే తన దగ్గరికి తేవాల్సిన పని కూడా ఉండదనీ అన్నాడు. నెత్తురు కక్కుకున్న మనిషిని హుస్నాబాద్ దాకా ఎడ్లబండిలో, అక్కణ్ణుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయినదాన్ని నేను. ముంత తెచ్చిచ్చినవాళ్లలో ఒక్కడు కూడా ఆ బండి ఎక్కలేదు.

మా దిక్కున కల్లును ఎవరూ తాగుడు కింద లెక్కపెట్టరు. పుట్టినా కల్లే, చచ్చినా కల్లే. కులంలో తగువు తెగితే దండుగ కింద కుండలు దింపించి, అందరూ చుట్టూ కూర్చుని తాగితేనే తగువు తెగినట్టు. ఆ కుండ కాడ కూర్చోనివాడికి నలుగురితో పొత్తు లేనట్టే. మా చిన్నమామ దినాలనాడు మా ఆయన ముంత పట్టకపోయేసరికి మామలంతా ముఖం తిప్పుకున్నారు. ఈ ఊళ్లో ఉంటే ఈయన్ను బతికించుకోలేనని నాకు ఆ రోజే అర్థమైంది.

ఆంధ్రతో కలిపి కొత్త రాష్ట్రం చేసిన రెండో ఏడు, ఎవరూ ఎరగని ఊరని చెప్పి మంచిర్యాలకు వచ్చేశాం. టేకు దుంగల డిపోలో ఆయనకు పని దొరికింది. నేను బీడీలు చుట్టేదాన్ని. స్టేషను వెనక ఒక పెంకుటింట్లో సగం భాగం మాది.

ఇల్లు అలకగానే పండుగ కాదు కదా. పగలు దుంగల మధ్య బాగానే ఉండేవాడు. పొద్దుమునిగేసరికి ఆయనకు కాలు నిలిచేది కాదు. గడపలో కూర్చునేవాడు, లేచేవాడు, వాడ చివరిదాకా పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. నేను మాట్లాడేదాన్ని, మాట్లాడి మాట్లాడి నా నోరే నొప్పి పెట్టేది. పెళ్లాం ఎంత వాగితే మాత్రం సోపతి అవుతుందా?

"బుచ్చీ, తాగబుద్ధి అయితలేదే. నలుగుట్ల కూసోబుద్ధి అయితుంది," అన్నాడు ఒకనాడు, తల దించుకుని.

మంచిర్యాలలో ఆ నలుగురు ఎక్కడున్నారు? కల్లు దుకాణంలో. దుంగలు మోసేవాళ్లు, రైలుపట్టాల పనివాళ్లు, బొగ్గుబాయి నుంచి వచ్చేవాళ్లు, పొద్దుమునిగితే అందరూ అక్కడే. కొత్తగా వచ్చినవాణ్ణి నీ పేరేంది, ఏ ఊరు అని అడిగేది అక్కడే. ఇవాళ కాకపోతే రేపు ఈయన కూడా అక్కడికే పోతాడు. కల్లు కోసం కాదు, ఆ నీ పేరేంది అనే మాట కోసం పోతాడు. పోయినవాడు ఎంతసేపు ఉత్తగా కూర్చుంటాడు?

సరే, కల్లు లేని నలుగురిని నేనే వెతుకుతానని కొంగు బిగించాను. నవ్వకండి. మొగుడికి సోపతిగాళ్లను వెతికిన పెళ్లాం ఈ లోకంలో నేనొక్కదాన్నే అయితే అయ్యాను.

మొదట గుడి భజనకు పంపాను. అక్కడ దుకాణాల శేట్లు హార్మోనియం ముందు కూర్చుని పుస్తకం చూసి పాడేవాళ్లు. ఈయన చెప్పులు విడిచే చోట కూర్చుని, ప్రసాదం తిని వచ్చేశాడు. "మంచోళ్లే. కని నన్ను ఎవలు పలుకరియ్యలే," అన్నాడు. పేపర్లు చదివే గదికి పొమ్మని ఎవరో చెప్పారు. అక్షరం రాని మనిషి అక్కడికి పోయి బొమ్మలు చూస్తాడా? చివరికి స్టేషను ముందు ఖాసిం చాయ్ హోటల్ కుదిరింది. ఖాసిం మంచివాడు, కానీ అతని గిరాకీ అంతా రైలుతో వచ్చి రైలుతో పోయేదే. బండి కూత వినబడగానే బల్లలన్నీ ఖాళీ అయ్యేవి. అప్పుడు మా ఆయన, ఖాసిం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చునేవాళ్లు.

ఆ ఖాసిమే నన్ను పిలిచి చెప్పాడు. "చెల్లె, నీ ఆద్మీ ఒక్క చాయ్ పట్టుకుని గంట కూసుంటుండు. సూస్తె నాకే పరేషాన్ అయితుంది. పాతూరి తొవ్వల బాలమల్లు తాత ఉన్నడు, సాలోళ్ల పెద్దమనిషి. పొద్దుమూకంగనే చిరుతల ఆట నేర్పుతడు. ఆడికొచ్చేటోళ్లంత బత్కనీకి ఒచ్చినోళ్లే. చిరుతలు పట్టినోడు ఆట ఎక్కేదాక కల్లు ముట్టరాదని తాత కట్టడి. ఆడికి తోలు, ఫికర్ చెయ్యకు."

చిరుతలంటే చివర్న గజ్జెలు కట్టిన రెండు చెక్కలు. రెండూ ఒక్క చేత్తోనే పట్టుకుని తాళం వేస్తూ, గుండ్రంగా తిరుగుతూ, దేవుడి కథ పాడతారు. మా దిక్కున పుట్టి అది చూడనివాళ్లుండరు. నెలల తరబడి నేర్చుకున్నది ఊరందరి ముందు ఆడితే ఆట ఎక్కిందంటారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన్ను పొమ్మంటే సిగ్గుపడి పోడని నేనే వెళ్లాను. బాలమల్లు తాత మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. ముక్కుసూటి మనిషి.

"మొగోడు రాకుంట నువ్వొచ్చినవేంది బిడ్డా?"

"ఆయనకు సిగ్గెక్కువ తాతా."

"తాగుతడా?"

"అసలే తాగడు."

తాత నవ్వాడు. "తాగనోడంటె నాకు బుగులు బిడ్డా. నా పోరగాండ్లు నా కట్టడికి జడిసి నాలుగు నెలలు ఆగుతరు. ఆట ఎక్కిన తెల్లారి కుండల మీద పడతరు. నీ మొగడు అసలే తాగడంటె ఏదో ఉంటది. ఏమన్న రోగమా?"

నెత్తురు కక్కుకున్నాడని చెప్తే క్షయ అంటారు. కార్జం అని చెప్పినా ఎవరూ వినరు, క్షయ అనే అంటారు. ఒక్క కడవలో నీళ్లు ముంచుకుని తాగే చోట ఆయన్ను గడప తొక్కనివ్వరు.

"రోగం లేదు, ఏం లేదు తాతా. పోచవ్వకు మొక్కిండు, కల్లు ముట్టనని."

"ఎందాక?"

పోచవ్వకే కల్లు సాక పోస్తాం, ఆమె ముందు నేల మీద ధార కడతాం. అలాంటి తల్లికి జన్మంతా కల్లు మానేస్తానని ఎవడు మొక్కుతాడు? తాత కళ్లు నా మీదే ఉన్నాయి. "మీ ఆట ఎక్కేదాక," అనేశాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బాగా అతికింది. తాత ముఖం విప్పారి, "రేపు తోలియ్యి," అన్నాడు. నేను సంబరంగా ఇంటికొచ్చాను, ఏం చేసి వచ్చానో నాకే తెలియకుండా.

బాలమల్లు తాత ఇంటి ముందు జాగాలో సున్నంతో పెద్ద గుండ్రం గీసి ఉండేది. కాళ్లు కడుక్కుని ఆ గీత లోపలికి పోవాలి. మొదటిరోజు మా ఆయన వరుసలో అందరికన్నా వెనక నిలబడ్డాడు. ఆయన ముందున్న మనిషి హనుమండ్లు, రైలుపట్టాల పనివాడు. నోరు తెరిస్తే వాడకట్టంతా వినబడాలి.

"ఓ ముత్యమన్నా! దుంగ మోసినట్టు గట్ల అడుగేస్తె భూమి పలుగుతదే! జర పైలం!" అని అరిచాడు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. గోడ చాటునుంచి చూస్తున్న నేను ఆ నవ్వు చూసి ఏడ్చాను. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో.

నెల తిరిగేసరికి వాళ్లిద్దరూ జంట అయ్యారు. పాటలో ఒక చరణం హనుమండ్లు ఎత్తుకుంటే, మా ఆయన అందుకుని ముగించేవాడు. అంత గొంతు ఆయన దగ్గర ఉందని నాకే తెలియదు. డిపో నుంచి వచ్చి రెండు ముద్దలు మింగి పరుగున పోయేవాడు. తిరిగొచ్చాక వాళ్ల మాటలే. ఎవరిది ఏ ఊరు, ఎవరి బిడ్డకు జ్వరం, ఎవరికి అడుగు కుదరడం లేదు. భైంసా నుంచి వచ్చినవాడు మరాఠీ కలిపి పాడితే తాత ఎలా తిట్టాడో చేసి చూపించేవాడు. ఆ తల్లి పోచవ్వ చల్లగా చూసిందనుకున్నాను. ఏ మొహంతో అనుకున్నానో!

హనుమండ్లు పెళ్లాం లస్మవ్వ కూడా నాకు దగ్గరైంది. బీడీ ఆకు కత్తిరించడానికి మా ఇంటికే వచ్చి కూర్చునేది. ఒకరోజు కత్తెర ఆపి, "అక్కా, నవ్వుతవేమో. గీ ఆట ఎప్పటికి ఎక్కకపోతె మంచిగుండు," అన్నది. నేను నవ్వలేదు. మా ఇద్దరి మనసులో ఉన్నది ఒక్కటే.

ఆట ఎక్కింది. ఊరంతా వచ్చి చూసింది. మావాళ్లు ఎక్కడా తాళం తప్పలేదు. ఆ సంబరమంతా తెల్లారేదాకానే.

తెల్లారి హనుమండ్లు మా గడపలోకి వచ్చి, "అన్నా, వదినె, నడువున్రి! పోచవ్వ గుడి కాడ అందరు మీ కోసమే ఎదురుసూస్తుండ్రు. తాత చెప్పిండు, ముత్యమన్న మొక్కు ఇయ్యాల మేమే తీరుస్తం. కోడిని గూడ తెచ్చినం," అన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. ఆ సంగతి నేను ఆయనకు చెప్పనే లేదు, ఏం మొక్కు అన్నట్టు చూశాడు. నేను నేల చూశాను. ఆయనకు అర్థమైపోయింది.

పోచవ్వ గుడి అంటే వేపచెట్టు కింద నిలువెత్తు కూడా లేని చిన్న గుడి. ముందు వేపమండలు చుట్టిన కల్లు కుండ ఉంది. చిరుతల జట్టంతా తలకు పోసుకుని, కొత్త తువ్వాళ్లు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. వాళ్ల ముఖాలు ఎంత వెలిగిపోతున్నాయో చెప్పలేను. పాపం, ప్రేమతోనే చేశారు. సోపతిగాడి మొక్కు చెల్లించడం కన్నా గొప్ప మర్యాద వాళ్లకు తెలియదు మరి.

బాలమల్లు తాత సాక పోశాడు. తరువాత ముంత నింపి హనుమండ్లు చేతికిచ్చాడు. మొక్కినవాడు మొదటి గుటక వేయాలి, ఆ తరువాతే మిగిలినవాళ్లు ముట్టాలి. నాలుగు నెలలుగా ఎండిన గొంతులన్నీ మా ఆయన గుటక కోసం చూస్తున్నాయి.

"తల్లి ప్రసాదం అన్నా. పట్టు," అన్నాడు హనుమండ్లు.

పగలంతా వాగే నా నోరు ఆ క్షణాన పెగలలేదు. చెప్తే ఆయన్ను నలుగుట్లో తాగుబోతును చేసినదాన్నవుతాను. కట్టుకున్న సోపతంతా కూలిపోతుంది. చెప్పకపోతే మొగుడు పోతాడు. అది కూడా తేల్చుకోలేనిదానివేమే అని ఈ రోజుకూ నన్ను నేను తిట్టుకుంటాను. నేను తేల్చుకునేలోపు ఆయన చేయి చాచాడు. ముంత అందుకున్నాడు. వాసనకు ఆయన ముక్కుపుటాలు కదలడం చూశాను.

ఆయన వంగి ముంతను పోచవ్వ ముందు పెట్టాడు.

"తాతా, నేను మొక్కలే," అన్నాడు. "నేను తాగుబోతును. తాగి తాగి నెత్తురు కక్కుకున్న. గిది తాగితె సస్తనని డాక్టర్ చెప్పిండు. మీరు రానియ్యరని నా పెండ్లాం అబద్ధమాడింది. దాన్నేమనకున్రి. తప్పు నాది."

కోడి రెక్కలు కొట్టుకుంది. తరువాత వెనకనుంచి ఎవరో, "నెత్తురా? క్షయనా ఏంది?" అన్నారు. పక్కన నిలబడ్డ ఇద్దరు రెండడుగులు జరిగారు. బాలమల్లు తాత నా వైపు చూసి, "పోచవ్వ పేరు మీదనా బిడ్డా?" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండు, కాళ్ల మీద పడేదాన్ని.

"పొద్దెక్కుతుంది, ఎవలో ఒకలు తాగున్రి," అన్నారెవరో. హనుమండ్లు వంగి పోచవ్వ ముందున్న ముంత తీసుకున్నాడు. దాన్ని పట్టుకుని మా ఆయన్ను చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తరువాత కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. జట్టంతా ఒక్కసారిగా కుండ చుట్టూ చేరింది. మేమిద్దరం ఇంటికి వచ్చేశాం.

ఆ తరువాత మా గడప ఎవరూ తొక్కలేదు. లస్మవ్వ కూడా రాలేదు. ఆట అయిపోయింది గనక సాయంత్రాలు కూడేది కూడా లేదు. మా ఆయన మళ్లీ గడపలో కూర్చోవడం మొదలుపెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "నీ నోట్ల మన్నువడ, ఎంత పని చేసినవే" అని ఒక్కసారి తిట్టినా నా మనసు కుదుటపడేది. మాట లేని మొగుడితో కాపురం పగవాళ్లకు కూడా వద్దు.

ఒక సాయంత్రం పొద్దుమునిగినా ఆయన ఇంటికి రాలేదు. డిపోకు పరుగెత్తాను. ఎప్పుడో పోయాడన్నారు. ఖాసిం హోటల్‌లో లేడు. ఇంక మిగిలింది కల్లు దుకాణమే. ఆడదాన్ని, తడిక తోసుకుని లోపలికి పోయాను. మగవాళ్లు నోళ్లు తెరిచి చూశారు. చూస్తే చూడనీ, సిగ్గుపడితే మొగుడు దొరుకుతాడా?

మూల బల్ల మీద హనుమండ్లు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది.

"హనుమండ్లూ, మా ఆయన ఏడి?"

"ఈడికి రాలే వదినె."

"అబద్ధమాడకు!"

"అబద్ధమాడింది నేనా వదినె?" అన్నాడు. చెంప మీద కొట్టినట్టయింది నాకు. కానీ అలా అన్నందుకు వాడికే కళ్లలో నీళ్లు తిరిగాయి. "గుడి కాడ ముత్యమన్న ముంత కింద పెట్టిండు సూడు, నాకు గూడ పెట్టబుద్ధయ్యింది వదినె. నాలుగు నెలల సంది పొల్లగాండ్లు నా పక్కల పండుకునేటోళ్లు. అంతకుముందు నన్ను సూస్తెనే ఉరికేటోళ్లు. తాగొద్దనే అనుకున్న. కని అందరు నా మొఖమే సూస్తుండ్రి. తాగిన. గానాటి సంది గిదే కత. నిన్న మళ్ల లస్మి మీద చెయ్యి లేపిన."

వాణ్ణి అక్కడే చెప్పు తీసుకుని కొడదామన్నంత కోపమొచ్చింది. అంతకన్నా ఎక్కువ జాలేసింది. నా అబద్ధం వల్ల దాగింది నా మొగుడి బాధ ఒక్కటే కాదు. ఆయన మొదటే నిజం చెప్పగలిగి ఉంటే, వీడు కూడా ఆ నాలుగు నెలల్లో ఏదో ఒక రోజు నోరు విప్పేవాడేమో. "ఏడుపు తర్వాత ఏడుద్దువు గాని, లెవ్వు. ముందు ఆయన్ను దేవులాడుదాం," అన్నాను. లేచాడు.

పాతూరి తోవలో పోతుంటే చిరుతల చప్పుడు వినబడింది. బాలమల్లు తాత ఇంటి ముందు సున్నపు గీత సగం చెరిగిపోయి ఉంది. అందులో మా ఆయన ఒక్కడే తిరుగుతున్నాడు. గొంతు పెద్దగా ఎత్తకుండా పాడుతున్నాడు. హనుమండ్లు ఎత్తుకోవాల్సిన చోటు రాగానే పాట ఆపేస్తున్నాడు. అడుగు మాత్రం ఆగడం లేదు. ఆ చరణానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఉత్త తాళం వేసి, మళ్లీ తన వంతు పాడుతున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మళ్లీ ఆ చోటు వచ్చింది. నా పక్కన నిలబడ్డ హనుమండ్లు, గీరుకుపోయిన గొంతుతో తన చరణం ఎత్తుకున్నాడు. మా ఆయన తల తిప్పి చూశాడు. చరణం అయ్యేదాకా తాళం ఆపలేదు. అయ్యాక నిలబడ్డాడు.

"ఏంది తమ్మీ, ఆడనే నిలబడ్డవ్? లోపటికి రా."

"తాగిన అన్నా. గీత దాటరాదు."

మా ఆయన కాళ్ల ముందున్న గీతను చూశాడు. "గట్లనా? అయితె నేనే బయటికొస్త," అన్నాడు. చిరుతలు చేతిలో పట్టుకునే గీత దాటి వచ్చి, వాడి భుజం మీద చేయి వేసి, మట్టిలో వాడి పక్కనే కూర్చున్నాడు.

గుప్పున కల్లు వాసన కొట్టింది. ఆ వాసన నుంచి పారిపోవడానికే నేను ఊరు విడిచాను, అయినవాళ్లను విడిచాను, అమ్మవారి మీద అబద్ధమాడాను. ఆ వాసనకు జానెడు దూరంలో ఇప్పుడు నా మొగుడు కూర్చున్నాడు. చేయి పట్టుకుని లాక్కుపోవాలనిపించింది.

"నువ్వు పో బుచ్చీ," అన్నాడు నా ముఖం చూసి. "మేము జరసేపు కూసుంటం. లస్మవ్వకు గూడ చెప్పు, ఈడనే ఉన్నడని."

భయం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అయినా తలూపి బయలుదేరాను. సందు మలుపు తిరిగాక వెనక మళ్లీ చిరుతలు మోగాయి. మోగుతున్నవి ఒక్కరి చిరుతలే, పాడుతున్నది మాత్రం ఇద్దరు. వెనక్కి పోయి చూడాలని కాళ్లు లాగాయి. పోలేదు, నేరుగా లస్మవ్వ ఇంటికి నడిచాను.